కింద చెయ్యి

...అయినా ఒక మనిషి స్వభావం రాయడానికి ఫారంలో మూడు గీతలు చాలని తేల్చిన ఆ మహానుభావుడికి చుట్టాలు ఉండి ఉండరు, పెళ్ళాం ఉండి ఉండదు, ఇంట్లో అద్దం అసలే ఉండి ఉండదు. చదువుకి రెండు గీతలు, స్వభావానికి మూడు. చదువు కంటే స్వభావం ఒక్క గీత ఎక్కువన్నమాట. ఆ కిందనే ఇంకో గడి: ‘గడచిన కాలంలో వ్యక్తిగా ఎదుగుదల’. దానికీ మూడే. మనిషి నాలుగో గీతలోకి ఎదిగితే ఏం చెయ్యాలో ఎక్కడా రాయలేదు. ఆయన కలం మూత తీశాడు, పెట్టాడు, మళ్ళీ తీశాడు.

గదిలో ఫ్యాను లేదు. తూనికల కార్యాలయంలో దాన్ని మేలి గది అంటారు. ఊళ్ళో దుకాణాలు, గిడ్డంగులు, మందుల కొట్లు వాడే తూకపు రాళ్ళు అసలు ఎంత బరువుండాలో తేల్చే ప్రమాణపు రాళ్ళు ఆ గదిలోనే, మెత్తటి గుడ్డ పరిచిన పెట్టెల్లో ఉంటాయి. గాలి కదిలితే అద్దాల అరలోని త్రాసు ముల్లు కదులుతుంది. అందుకని రెండు తలుపులూ మూసి, ఊపిరి బిగబట్టి పని చెయ్యాలి. ముప్ఫై ఏళ్ళుగా ఆయన అక్కడ కొంచెం తక్కువగా ఊపిరి పీలుస్తున్నాడు. ఇప్పుడది ఇంట్లో కూడా అలవాటైపోయింది. భార్య ఉన్నన్నాళ్ళూ నిద్రలో ఆయన ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకునేది.

ఇంకో పది రోజుల్లో ఆయన ఉద్యోగం అయిపోతుంది. కార్యాలయంలో ఆయన్ని ఎవరూ పేరుతో పిలవరు, నిఖార్సుగారు అంటారు. ఎదురుగా అనేటప్పుడు ‘గారు’ ఉంటుంది, వెనక ఉండదు, అంతే తేడా. వీడ్కోలు సభకి వేసిన కార్డు మీద ఎవరో ‘మన ప్రమాణపు మనిషి’ అని అచ్చు వేయించారు. ఆ పోలిక తట్టినవాణ్ణి పట్టకారుతో ఎత్తి వీధిలో పెట్టాలనిపించింది ఆయనకి.

ఫారం బావ గురించి. బావ అంటే ఆయన చెల్లెలి మొగుడు. ఇద్దరూ ఒకే ఏడు ఉద్యోగంలో చేరారు, స్నేహం కుదిరి, తర్వాత చుట్టరికం కలిసింది. ఒకరినొకరు బావా అనే పిలుచుకుంటారు. ఒకరు మేలి గదిలో పైకి వచ్చారు, ఇంకొకరు వెనక ముతక షెడ్డులో ఉండిపోయారు. అక్కడ ఇనప రాళ్ళకి తుప్పు గీకడం, అడుగున సీసం పొయ్యడం, రంగు వెయ్యడం పని. పొద్దున డైరెక్టరమ్మ పిలిచి విషయం చెప్పింది. ఆయన తర్వాత మేలి గదికి పెద్దగా ఎవరో ఒకరు కావాలి. అనుభవం చూస్తే బావ తర్వాతే ఎవరైనా. అడ్డు ఒక్కటే, ఆ పాత మచ్చ. మనిషి మారాడని, ఆ తప్పు నుంచి ఎదిగాడని నిఖార్సుగారు రెండు ముక్కలు రాస్తే తను సంతకం పెట్టేస్తుంది.

“మీరు రాస్తే ఇంకెవరూ నోరెత్తరు. సొంత బావ అని కూడా చూడని మనిషి మీరు,” అంది ఆవిడ.

ఆ మాట ఆయన పందొమ్మిదేళ్ళుగా వింటున్నాడు. విన్నప్పుడల్లా తల కొంచెం వంచుతాడు. దాన్ని జనం వినయం అనుకుంటారు.

జరిగింది ఏమిటో ఆయన ఒక్కడికే తెలుసు. ఆ తప్పుకి ఎన్నేళ్ళు నిండాయో లెక్క కావాలంటే మేనకోడలి వయసు చూస్తే చాలు, రెండూ ఒకే రోజున పుట్టాయి. ప్రమాణపు కిలో రాయిని ఏడాదికి రెండుసార్లే పెట్టెలోంచి తీస్తారు, అప్పుడు ఇద్దరు ఉండి తీరాలి. ఒకరు పట్టకారుతో ఎత్తుతారు. రెండోవాళ్ళు తోలుగుడ్డ పరిచిన అరచెయ్యి దాని కిందే పట్టుకుని, త్రాసు దాకా వెంట నడుస్తారు. దాన్నే కింద చెయ్యి అంటారు. రిజిస్టరులో కూడా అదే మాట: ‘ఎత్తినవారు’, ‘కింద చెయ్యి’. తొడుగులు వేసుకున్నాక కలం ముట్టకూడదు, సిరా అంటితే తొడుగు పారెయ్యాల్సిందే. అందుకని అందరూ ముందే సంతకాలు చేసేసి ఆ తర్వాత పనిలోకి దిగేవారు. తప్పని తెలుసు. ఎవరూ మానలేదు.

ఆ రోజు ఎత్తే వంతు బావది, కింద చెయ్యి ఆయనది. సంతకాలు అయ్యాయి. పొద్దున చిన్న రాళ్ళన్నీ కలిసే తూచారు. కిలో రాయి ఒక్కటే మిగిలిందనగా ఆసుపత్రి నుంచి ఫోను, చెల్లెలికి నొప్పులు మొదలయ్యాయని. బావ మొహంలో నెత్తురు చుక్క లేదు. “నువ్వెళ్ళు, ఇది నేను చూసుకుంటాను,” అన్నది ఆయనే. పెట్టె మూసి, రేపు చూద్దాంలే అనుకోవచ్చు. కానీ ఒక్కణ్ణే ఎత్తగలనని లోపల ఎప్పట్నుంచో ఒక గీర. ఎత్తాడు. నాలుగడుగులు వేశాడు. బల్ల అంచు దగ్గర పట్టకారు మెలి తిరిగింది. రాయి రాతిబల్ల అంచుకి తగిలి కింద రబ్బరు చాప మీద పడింది. పెద్ద చప్పుడేం కాలేదు, అన్నంలో పంటి కింద రాయి పడ్డంత. అంచున ఆవగింజలో పావు వంతు ఎగిరిపోయింది. ఆ ముక్క కోసం మోకాళ్ళ మీద పాకుతూ అరగంట వెతికాడు. దొరకలేదు. దొరికితే ఏం చేసేవాడో ఇప్పటికీ తెలియదు.

ఆ తర్వాత చేసిందే అసలు పని. చిట్లిన రాయినే త్రాసులో పెట్టాడు. రోజూ వాడే పనిరాళ్ళు దాని ముందు బరువెక్కువ తూగాయి. ఒక్కొక్కదాన్నీ బోర్లించి, అడుగున ఉన్న సీసం కొంచెం కొంచెం గోకి, చిట్లిన దానికి సరిపెట్టాడు. చెయ్యి వణకలేదు. జీవితంలో అంత శ్రద్ధగా ఎప్పుడూ పని చెయ్యలేదు. సాయంత్రం ఆసుపత్రికి వెళ్ళి మేనకోడల్ని ఎత్తుకున్నాడు. ఎనిమిది నెలలు ఊరంతా ఆవగింజలో పావు వంతు తక్కువ తూగింది. ఎవరి కడుపూ మాడలేదు. రాయిని కేంద్ర ప్రయోగశాలకి పంపినప్పుడు గానీ బయటపడలేదు.

విచారణకి ముగ్గురు వచ్చారు. రిజిస్టరు తెరిచారు. ఎత్తినవారి గడిలో బావ సంతకం. కింద చెయ్యి మీరే కదా, ఏం జరిగిందని ఆయన్ని అడిగారు. నోరు తెరిచాడు. చెప్పేవాడే. ఇప్పటికీ అలాగే నమ్ముతాడు, ఆ నోరు నిజం కోసమే తెరుచుకుందని. బయటికి వచ్చింది మాత్రం “గుర్తు లేదండి” అని. ఆ పక్కనే నిలబడ్డ బావ నుదురు తుడుచుకుని, ఆ రోజు నా మనసు మనసులో లేదండి, నేనే జార్చి ఉంటాను అన్నాడు. ఆసుపత్రికి ఎప్పుడు పరిగెత్తాడో, ఏం వదిలేసి పరిగెత్తాడో అతనికి వరస గుర్తు లేదు. విచారణవాళ్ళకి వరసతో పని లేదు. ఎత్తినవారిదే బాధ్యతని తేల్చి బావని షెడ్డుకి పంపారు. బావ కోసం ఒక్క మాట సాయం కూడా చెయ్యలేదు చూశారా, అదీ నిఖార్సంటే అని జనం చెప్పుకున్నారు. పేరు అప్పుడు పడిందే.

ఆ తర్వాత బావ చేతులు నిజంగానే జారడం మొదలుపెట్టాయి. ముందు గ్లాసులు, తర్వాత తాళంచెవులు, ఒకసారి కూతురి బడి పలక. ఆఫీసులో టీ వస్తే, జారుడుగారికి చేతికివ్వకండి, బల్ల మీద పెట్టండి అనేవాళ్ళు. అతనూ నవ్వేవాడు. ఇంట్లో చెల్లెలు గాజు గ్లాసులన్నీ అటక మీద పెట్టేసి స్టీలువి దింపింది. ఆదివారం భోజనానికి వెళితే మొగుడి ఎదుటే అంటుంది, “అన్నయ్యా, నీ చేతిలో పెట్టినదానికి ఢోకా లేదు. ఈయన చేతికిస్తే నేలకి అప్పగించినట్టే.” ఆయన మజ్జిగ గ్లాసు రెండు చేతులా పట్టుకుని తాగుతాడు, చుక్క ఒలకనివ్వడు. ఎవరైనా చూస్తున్నారని కాదు. ఒక్కసారి ఒలికితే చాలు, వెనకున్నదంతా ఒలికిపోతుందన్న భయం. ఆ భయానికే జనం శ్రద్ధ అని, నిలకడ అని, నడవడి అని పేర్లు పెట్టారు. ఒకే రాయి ఒకణ్ణి చేతకానివాణ్ణి చేసింది, ఇంకొకణ్ణి ఆదర్శపురుషుణ్ణి చేసింది. ఇద్దరిలో ఎవరూ ముందు అలాంటివాళ్ళు కారు. స్వభావమట. మూడు గీతలట.

కలం మూత పెట్టి లేచాడు. ముందు బావతో మాట్లాడి, ఆ తర్వాత రాద్దామనుకున్నాడు. మాట్లాడేదేమిటో అనుకోలేదు.

షెడ్డులో బావ ముక్కాలిపీట మీద కూచుని, ఇరవై కిలోల ఇనప రాయికి నల్లరంగు పూస్తున్నాడు. కుంచె పట్టుకున్న చెయ్యి కొంచెం ఊగుతోంది గానీ రంగు గీత దాటలేదు. పక్కనే వారం కిందట చేరిన ఇద్దరు కొత్త ఉద్యోగులు గోనె మీద కూచుని వింటున్నారు. ఏం చెబుతున్నాడో గుమ్మంలోనే అర్థమైంది. కొత్తవాళ్ళు ఎవరు వచ్చినా బావ చెప్పే కథే, తను రాయి జార్చిన కథ. ఆయన్ని చూసి బావ వాళ్ళని టీకి పంపాడు.

డైరెక్టరమ్మ అన్నది ఆయన పొడిపొడిగా చెప్పాడు. గది నీకిస్తారట, నేను రాస్తే. బావ కుంచె డబ్బాలో ముంచి, అంచుకి తుడిచి, ఇంకోసారి తుడిచి, నవ్వాడు.

“నాకొద్దు బావా.”

“ఎందుకొద్దు?”

“నా చేతి సంగతి నాకు తెలుసు. ఇక్కడ జారితే కాలివేలు పోతుంది, నాదే. అక్కడ జారితే ఊరి తూకం పోతుంది. తగడు అని రాసెయ్. నువ్వు రాస్తే నాకేం నామోషీ కాదు.”

ఆయన ఎప్పుడో జరిగినదాన్ని ఇంకా పట్టుకు వేలాడతావేమిటన్నాడు. తన గొంతులో చిరాకు తనకే వినిపించింది. బావ తల అడ్డంగా ఊపాడు.

“పట్టుకు వేలాడ్డం కాదు. ఇప్పటికీ వినిపిస్తుంది నాకు. టంగుమని గదంతా మోగింది. నువ్వు నా మొహం వంక చూశావు. ఒక్క మాటంటే ఒక్క మాట అనలేదు. వంగి తీసి, తుడిచి, పెట్టెలో పెట్టి, నువ్వెళ్ళు, ఇది నేను చూసుకుంటానన్నావు. విచారణలో కూడా గుర్తు లేదని చెప్పి నన్ను కాయాలనే చూశావు. మీ చెల్లెలికి కూడా చెప్పలేదు నేనా మాట. చెప్తే నిన్ను తప్పు పట్టేది, అబద్ధమాడావని.”

ఆయన రాళ్ళ వరస వైపు చూశాడు. చూడ్డానికి ఇంకెక్కడా చోటు లేదు.

“ఒకటి చెప్పనా,” అన్నాడు బావ. “ఆ రాయి జారకపోతే నేను మనిషినయ్యేవాణ్ణి కాదు. ఎంత పొగరుగా ఉండేవాణ్ణో నీకు గుర్తుందా? ఎవరి చెయ్యి వణికినా నవ్వేవాణ్ణి. ఇప్పుడు వీళ్ళెవరైనా ఏదైనా పాడుచేస్తే నా దగ్గరికి వచ్చి చెప్పుకుంటారు. నీ దగ్గరికి రారు బావా, ఏమనుకోకు. నిన్ను చూస్తే భయం వాళ్ళకి.”

ఏమనుకోలేదన్నాడు. మేలి గదికి తిరిగి వచ్చి రెండు తలుపులూ మూసి కూచున్నాడు.

ముందు ఊరట కలిగింది. అది దాచడానికేం లేదు. చెప్పాల్సిన అవసరమే లేదు కదా, చెబితే పాపం ఆ మనిషి దగ్గర ఏం మిగులుతుంది? పందొమ్మిదేళ్ళు ఇటుక మీద ఇటుక పేర్చి కట్టుకున్నాడు, కింద రాయి లాగేస్తే మొత్తం మీద పడుతుంది. జాలి చూపించడమే పెద్దరికం. ఈ ఆలోచన ఎంత సుఖంగా ఉందంటే, ఆయనకి అనుమానం వచ్చింది. విచారణ రోజున నోట్లో ‘గుర్తు లేదు’ అనే మాట కూడా ఇంత సుఖంగానే కదిలింది. పాత పిరికితనమే కొత్త చొక్కా తొడుక్కుని వచ్చి, బాగున్నావా అని పలకరిస్తోంది. దాని మొహం ఆయనకి బాగా తెలుసు. ఇన్నేళ్ళూ కలిసి కాపురం చేసిన మొహం.

ఆ వెనకాల ఇంకోటి ఉంది, మెల్లిగా పైకి వచ్చింది. అది జాలీ కాదు, భయమూ కాదు. అసూయ. మొదట నమ్మలేదు. షెడ్డులో కుంచె పట్టుకుని కూచున్న మనిషిని చూసి, మూడు ప్రశంసాపత్రాలు గోడకి తగిలించుకున్న మనిషికి అసూయా? కానీ అదే. తప్పు తనది. దాని సిగ్గు బావ పడ్డాడు, దాని నిందని బావ మోశాడు, దాన్ని నమిలి అరిగించుకుని మనిషిగా మారింది కూడా బావే. తనకి మిగిలింది ఏమిటి? పట్టకారు పట్టుకుని బల్ల అంచు దగ్గర నిలబడ్డ ముప్ఫై తొమ్మిదేళ్ళవాడు ఈ రోజుకీ అక్కడే నిలబడి ఉన్నాడు. జుట్టు నెరిసింది, మోకాళ్ళు అరిగాయి, వాడు మాత్రం ఒక్క రోజు కూడా పెద్దవాడు కాలేదు. మనం చేసిన తప్పు అయినా మనది కావాలి. దాన్ని కూడా ఇంకొకరికి ఇచ్చేసినవాడికి ఇంకేం సొంతం ఉంటుంది, ఏం చూసి ఎదుగుతాడు?

అయితే ఇప్పుడు నిజం చెప్పాలనిపిస్తున్నది ఎందుకు? బావకి న్యాయం చెయ్యడానికా, లేక బావ దగ్గరున్న ఒక్క మంచి వస్తువునీ నాదని లాక్కోవడానికా? త్రాసులో ఎటు పెట్టినా ముల్లు ఆగలేదు. పందొమ్మిదేళ్ళు ఆగలేదు, ఈ మధ్యాహ్నం మాత్రం ఎందుకు ఆగుతుంది. మంచి ఉద్దేశం దొరికాక నిజం చెబుదామనుకుంటే మనిషి శవమై కూడా ఎదురు చూస్తూనే ఉంటాడని ఆయనకి తోచింది. చెడ్డ ఉద్దేశంతో చెప్పినా నిజం నిజమే. చెల్లెలు మొగుణ్ణి చూసే చూపులో ఇన్నేళ్ళ వెటకారం ఉంది. అందులో ప్రతి చుక్కా ఆయన పోసిందే. ఆ చూపు మారితే, ఎందుకు మారిందన్నది ఎవడికి కావాలి.

కలం తీశాడు. తేలిక దారి ఇంకా తెరిచే ఉంది. ‘గతంలో జరిగిన పొరపాటు నుంచి ఎంతో నేర్చుకున్నారు’ అని అందరూ మెచ్చే వాక్యం చేతిలో సిద్ధంగా ఉంది. దాన్ని పక్కకి నెట్టడానికి ఒంటి బలమంతా కావాల్సి వచ్చింది. స్వభావం గడిలో చిన్న అక్షరాలతో రాశాడు:

‘వీరి స్వభావం గురించి రాసే అర్హత నాకు లేదు. పందొమ్మిదేళ్ళ క్రితం ప్రమాణపు కిలో రాయిని జార్చింది నేను. ఆ సమయానికి వీరు గదిలో లేరు.’

మూడు గీతలు సరిగ్గా సరిపోయాయి. అందుకు మొదటిసారి ఆ మహానుభావుడి మీద కోపం తగ్గి, వెంటనే రెట్టింపైంది. ఎదుగుదల గడి ఖాళీగా వదిలేశాడు. సంతకం పెట్టాడు. నిజం రాసేస్తే మనసుకి ఏదో తేలికదనం వస్తుందని విన్నాడు, ఎక్కడో చదివాడు కూడా. రాలేదు.

ఇక కవరులో పెట్టి అంటించి పైకి పంపెయ్యడమే. డైరెక్టరమ్మ చదువుతుంది, గొడవవుతుంది, నలుగురూ నాలుగు రకాలుగా చెప్పుకుంటారు, ఆ కాకిగోలలో బావకి ఎవరో ఒకరి ద్వారా తెలుస్తుంది. అప్పుడు బావ మొహం ఎలా ఉంటుందో ఆయన చూడక్కర్లేదు. ఆ రోజుకి ఎక్కడికైనా వెళ్ళిపోవచ్చు. కవరు నాలుక తెరిచాడు.

బయటి తలుపు తెరుచుకుని మూసుకుంది, తర్వాత లోపలి తలుపు. ఈ గదిలోకి వచ్చేవాళ్ళు ఒకటి మూశాకే ఇంకోటి తీస్తారు. షెడ్డువాళ్ళెవరికీ ఆ అలవాటు లేదు. బావ మాత్రం మరిచిపోలేదు. గుమ్మం దాటి రెండడుగులు వేసి అక్కడే ఆగాడు, చేతులు రెండూ వెనక్కి కట్టుకుని. ఈ గదిలో దేన్నీ తాకనని ముందే చెబుతున్నట్టు.

“రాశావా బావా?” అన్నాడు. “తగడు అని ఒక్క ముక్క చాలు. నీ సంగతి నాకు తెలుసు, ఆ మూడు గీతల్లోనే ముప్ఫై పొగడ్తలు కుక్కుతావు. డైరెక్టరమ్మ నమ్మి నన్ను ఇక్కడ కూచోబెడుతుంది, నేను ఏదో పగలగొడతాను, నీ పేరు పోతుంది. ఎందుకొచ్చిన గోల.”

ఆయన బావ మొహం చూశాడు. రంగు చుక్క ఒకటి కనుబొమ్మ మీద ఎండిపోయి ఉంది. ఆ మొహంలో ఎక్కడా బాధ లేదు. బాధ లేకపోవడమే చూడలేకపోయాడు. ఇంకో నిమిషానికి అది ఎలా ఉంటుందో ఊహ కూడా అందలేదు. ఇన్నేళ్ళ కృతజ్ఞత తిరగబడి ఎటు పోతుందో, మీద పడి కొడుతుందో, కూలబడి ఏడుస్తుందో, లేక అన్నిటికన్నా ఘోరంగా, అలాగా బావా అని నవ్వేస్తుందో.

“కూచో,” అన్నాడు.

బావ ఎదురుగా ఉన్న పీట మీద అంచున కూచున్నాడు. చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు.

ఆయన కవరు పక్కన పెట్టి, కాగితాన్ని అక్షరాలు బావకి తిన్నగా ఉండేలా తిప్పి, బల్ల మీద అతని ముందుకి జరిపాడు.